ఒక ఒథెల్లో, మూడు పాఠాలు



తెలుగు పండితునిగా ముప్పైమూడేళ్ళు బడిలో పాఠం చెప్పినవాణ్ణి. మా వృత్తిలో "పాఠం" అన్న మాటకు రెండర్థాలున్నాయి. పిల్లలకు చెప్పేది ఒకటి. ఒక కావ్యం వేరువేరు వ్రాతప్రతులలో కనబడే రూపం మరొకటి. ఒక తాళపత్రంలో ఒక మాట, ఇంకొక దానిలో వేరొక మాట ఉంటే దానిని పాఠభేదం అంటాము. ఏది కవి వ్రాసినది, ఏది లేఖకుని పొరపాటు, ఏది తరువాతి పండితుని "దిద్దుబాటు" అని తేల్చడమే పరిష్కర్త పని. చలనచిత్రానికి కూడా పాఠభేదాలుంటాయనీ, అవి నన్ను నా పాత తప్పు ఎదుట నిలబెడతాయనీ ఈ వయసు దాకా నాకు తెలియదు.

ఒక వేసవిలో మా అమ్మాయి ఒక డిస్కుల పెట్టె తెచ్చి ఇచ్చింది. షేక్‌స్పియర్ "ఒథెల్లో"ను ఆర్సన్ వెల్స్ అనే అమెరికన్ దర్శకుడు తీసిన చిత్రం. "నాన్నగారూ, మా చిన్నప్పుడు ఈ కథ చెప్పి ఏడిపించేవారు కదా, చూడండి" అంది. పెట్టెలో రెండు డిస్కులున్నాయి. ఒకటి పాడైతే రెండవది పనికివస్తుందని ఇచ్చారేమో అనుకొన్నాను. మొదటిది చూశాను. వారం గడిచాక రెండవది పెట్టాను. డెస్డిమోనా పెదవి విప్పగానే ఉలికిపడ్డాను. ముఖం అదే, గొంతు వేరు! మొదటి దానిలో ఆరంభాన నటీనటుల వివరాలను దర్శకుడే నోటితో చెప్పాడు. రెండవ దానిలో అవి అక్షరాలై తెర మీదకు వచ్చాయి. కథ చెప్పే వ్యాఖ్యానం ఒకటి కొత్తగా చేరింది. నిడివి రెండు నిమిషాలకు పైగా తగ్గింది. అప్పటి నుంచి ఆ చిత్రం పుట్టుక గురించి దొరికినదల్లా చదివాను. అందులో నాకు రూఢిగా తేలినదే ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందు నాటకం సంగతి. వెనిస్ నగర రాజ్యానికి కొలువు చేసే నల్లజాతి సేనాని ఒథెల్లో. ఒక ప్రభువు కుమార్తె డెస్డిమోనా అతణ్ణి వలచి, తండ్రికి చెప్పకుండా పెండ్లాడుతుంది. ఒథెల్లో కొలువులోనే ఉన్న ఇయాగో పైకి నమ్మినబంటు, లోపల కాలకూటం. భార్యకు కేసియో అనే యువ సైనికునితో సంబంధమున్నదని సేనాని చెవిలో బొట్టుబొట్టుగా విషం పోస్తాడు. ఒక చేతిరుమాలు సాక్ష్యమవుతుంది. ఒథెల్లో భార్యను చేతులారా చంపి, నిజం తెలిసిన మీదట తానూ పొడుచుకొని చనిపోతాడు. ఇటలీ రచయిత జిరాల్డీ చింథియో 1565లో అచ్చువేసిన కథ దీనికి మూలం. 1604 నవంబరు 1న లండనులోని వైట్‌హాల్ రాజభవనంలో ఆడినట్లు ఈ నాటక ప్రదర్శనకు మొదటి ఆధారం దొరుకుతున్నది.

మన నాట్యశాస్త్రం వధను రంగస్థలం మీద చూపరాదన్నది. నాటకం మంగళాంతం కావాలన్నది మన సంప్రదాయం. భాసుని "ఊరుభంగం" వంటివి అపవాదాలు. తెలుగులో బళ్ళారి ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు "విషాద సారంగధర" వ్రాసి ఈ కట్టు తెంచారు. సవతి తల్లి అబద్ధాన్ని నమ్మి కన్నకొడుకునే దండించిన రాజు కథ అది. ఒథెల్లో కథ మన పల్లె ప్రేక్షకునికి పరాయిదిగా తోచకపోవడానికి ఆ సారంగధరుడే కారణమని నా నమ్మకం. నమ్మరానివాని మాట నమ్మడం, నమ్మవలసినవారి మాట వినకపోవడం: ఈ రెంటి మధ్యనే రెండు కథలూ నలిగిపోతాయి.

ఈ నాటకానికే పాఠభేదాలున్నాయి. షేక్‌స్పియర్ 1616లో గతించాడు. "ఒథెల్లో" విడి పుస్తకంగా 1622లో అచ్చయింది. మరుసటి యేడు, 1623లో, ఆయన నాటకాల పెద్ద సంపుటంలో మళ్ళీ అచ్చయింది. రెండవ దానిలో మొదటి దానిలో లేని పంక్తులు సుమారు 160 ఉన్నాయి. చనిపోయే రాత్రి డెస్డిమోనా పాడే పాట మొదటి ప్రతిలో లేదు, రెండవ ప్రతిలో ఉంది. నాలుగు వందల యేళ్ళుగా పండితులు రెండు ప్రతులనూ పక్కపక్కన పెట్టుకొని చదువుతున్నారే గాని, ఒకదానిని పారవేయలేదు. ఈ మాట గుర్తుంచుకోండి.

ఇక చిత్రకర్త. ఆర్సన్ వెల్స్ 1915లో పుట్టాడు. పదహారేళ్ళ ప్రాయంలో, 1931లో, ఐర్లండు రాజధాని డబ్లిన్ చేరి అక్కడి గేట్ థియేటరులో నటుడయ్యాడు. 1941లో "సిటిజన్ కేన్" తొలిసారి తెరకెక్కేనాటికి అతనికి ఇరవైఐదేళ్ళు. ఆ కీర్తి ఎంత త్వరగా వచ్చిందో కష్టమూ అంతే త్వరగా వచ్చింది. 1942లో "ది మాగ్నిఫిసెంట్ ఆంబర్సన్స్" అనే చిత్రాన్ని అతడు బ్రెజిల్‌లో ఉండగా స్టూడియోవారు కత్తిరించి, ముగింపు మార్చి విడుదల చేశారు. కత్తిరించిన భాగం నలభై నిమిషాలకు మించినది. అది తరువాత నశించిపోయింది. మరల అతికించుకొనే దారి లేకుండా పోయింది. 1948 నాటి "మాక్బెత్"ను చిన్న స్టూడియో ఒకదానిలో 23 రోజులలో చుట్టబెట్టాడు. దానికీ కత్తిరింపులు, కొత్త గొంతులు తప్పలేదు. తన పాఠం పరుల చేత దిద్దబడితే ఎట్లుంటుందో అనుభవించినవాడు ఐరోపాకు పోయి, ఎవరి పెత్తనమూ లేకుండా "ఒథెల్లో" తీయాలని పూనుకొన్నాడు.

పెత్తనం లేని చోట పైకమూ లేదు. ఇటలీలోని స్కలేరా అనే సంస్థ పెట్టుబడి పెడతానన్నది. 1949 వేసవిలో బృందం మొరాకో దేశపు అట్లాంటిక్ తీరంలోని మొగడోర్ అనే కోట పట్టణానికి చేరింది. ఇప్పుడు దాని పేరు ఎసవీరా. అక్కడికి చేరాక స్కలేరావారు దివాలా తీశారన్న వార్త వచ్చింది. రావలసిన దుస్తులు రాలేదు. నటులున్నారు, కోట ఉంది, సముద్రం ఉంది, కట్టుకొనేందుకు బట్టల్లేవు.

బడి వార్షికోత్సవాలకు నాటకాలు వేయించిన ఏ మాస్టారైనా ఈ ఘట్టం దగ్గర ఒక నిట్టూర్పు విడుస్తాడు. కిరీటాలు అద్దెకిచ్చేవాడు రాకపోతే అట్టముక్కలకు బంగారు కాగితం అంటించిన చేతులివి. వెల్స్ చేసిన పని వినండి. మూలంలో రొడెరీగో అనే మందమతిని ఇయాగో చంపే దృశ్యం రాత్రివేళ వీధిలో జరుగుతుంది. స్నానశాలలో ఎవరికీ పట్టుబట్టలు అక్కరలేదు కదా! కళాదర్శకుడు అలెగ్జాండర్ ట్రౌనర్ ఊరిలోని చేపల బజారును ఆవిరి స్నానాల గదిగా మార్చాడు. నటులు తుండుగుడ్డలు చుట్టుకొన్నారు. రొడెరీగో నేల మీది చెక్కపట్టీల కింద దాక్కొంటాడు. ఇయాగో ఆ సందులలో నుంచి కత్తి దింపుతాడు. ఆవిరి, తడి, కేకలు, పట్టీల సందున మెరిసే ఉక్కు. వీధిలో తీసి ఉంటే సాదా కత్తిపోటుగా మిగిలేది కదా అనిపించింది నాకు. ఈలోగా ఊరి దర్జీలు, వెనిస్ చిత్రకారుడు కార్పాచ్చో బొమ్మల ననుసరించి, దుస్తులు కుట్టసాగారు.

పైకం అయిపోయినప్పుడల్లా చిత్రీకరణ ఆగేది. వెల్స్ ఇతరుల చిత్రాలలో వేషాలు కట్టి, ఆ జీతం తెచ్చి మళ్ళీ మొదలుపెట్టేవాడు. "ది థర్డ్ మాన్", "ప్రిన్స్ ఆఫ్ ఫాక్సెస్", "ది బ్లాక్ రోజ్" ఆ కాలపు వేషాలే. 1948లో రోములో మొదలైన ప్రయత్నం 1951కి గాని ఒక కొలిక్కి రాలేదు. ఈ నడుమ డెస్డిమోనాలు మారారు. మొదట ఇటలీ నటి లెయా పదోవానీ, తరువాత అమెరికన్ నటి బెట్సీ బ్లెయిర్, చివరకు కెనడా నుంచి వచ్చిన సుజాన్ క్లూతియే. ఛాయాగ్రాహకులూ ఒకరు కారు, పలువురు.

ఊళ్ళూ మారాయి. మొగడోర్‌లో మొదలైన సన్నివేశం ఇటలీలో ముగిసేది. కేసియో, రొడెరీగోల జగడం మజగాన్ పట్టణంలో, పోర్చుగీసువారు కట్టిన భూగర్భ నీటి తొట్టిలో తీశారు. ఆ ఊరి నేటి పేరు ఎల్ జదీదా. టోర్చెల్లో ద్వీపపు చర్చి ముంగిట అడుగు వేసిన ఇయాగో మరుసటి అడుగు ఆఫ్రికాలో వేస్తాడనీ, మజగాన్‌లో తన్నిన తాపుకు బదులు దెబ్బ వేయి మైళ్ళ అవతల ఒక ఇటలీ ఊరిలో తగులుతుందనీ వెల్స్ తానే తరువాత నవ్వుతూ చెప్పుకొన్నాడు. దేశాలు మారినా దెబ్బ మాత్రం తప్పలేదు!

ఇట్టి ముక్కలను కుట్టేటప్పుడు పొడుగాటి దృశ్యాలు కుదరవు. ఒక నటుడు ఈ యేడు ఈ కొసన, అతనితో మాట్లాడేవాడు మరుసటి యేడు ఆ కొసన. ఇద్దరినీ ఒక్క చట్రంలో చూపలేనప్పుడు ముఖం ఒక తునక, వీపు ఒక తునక, నీడ ఒక తునకగా పేర్చవలసిందే. మునుపు పొడవైన ఎడతెగని దృశ్యాలకు పేరుపడిన దర్శకుడు ఇక్కడ తునకల శిల్పి అయ్యాడు. కటకటాల నీడలు, కోట సందులు, కిటికీ చువ్వలు మనుషుల మీద పడుతూ ఉంటాయి. ఒథెల్లో మనస్సు పగిలిన తీరున చిత్రమూ పగిలి ఉంటుంది. మూడు గంటల నాటకం తొంభై నిమిషాలకు కుదించబడింది.

ఆరంభం చూడండి. చిత్రం ముగింపుతో మొదలవుతుంది. ఒథెల్లో శవం, డెస్డిమోనా శవం కోటగోడల మీదుగా ఊరేగుతున్నాయి. ఇయాగోను ఒక ఇనుప బోనులో పెట్టి, గోడ మీదికి గొలుసులతో లాగుతున్నారు. మాటలేదు. లవాన్యినో కూర్చిన సంగీతం, ఆకాశం, నల్లని ఆకారాలు. ఏమి జరుగనున్నదో తెలిసిపోయింది. ఇక ఎట్లు జరిగిందన్నదే మనకు మిగిలిన ప్రశ్న. మన హరికథకుడు కూడా తెలిసిన కథనే చెబుతాడు. తెలిసిన కథలోనే గుండె ఎక్కువ బరువెక్కుతుంది.

ఇంతవరకు చదివినవారు "ఆహా, లేమి ఎంత మేలు చేసింది!" అనుకొంటారేమో. నేనట్లా అనలేను. లేమిని పొగడేవాడు సాధారణంగా కడుపునిండినవాడు. ఇయాగో వేషధారి మీహాల్ మాక్ లియమోర్, డెస్డిమోనా తండ్రి వేషధారి హిల్టన్ ఎడ్వర్డ్స్, ఇద్దరూ డబ్లిన్ గేట్ థియేటరు స్థాపకులు. కుర్రవాడైన వెల్స్‌కు తొలి వేషమిచ్చినవారు. మాక్ లియమోర్ ఆ రోజుల దినచర్యను 1952లో పుస్తకంగా వేశాడు. పిలుపు కోసం ఎదురుచూపులు, చేతికి రాని సొమ్ము, ఊరి నుంచి ఊరికి తరలింపులు, హఠాత్తుగా ఆగిపోయే పని, వీటన్నిటి నడుమ చెదరని హాస్యం. యాభై యేళ్ళ పెద్దమనిషి శిష్యుని పట్టుదల కోసం ఇన్ని పాట్లు పడ్డాడు. ఆ పాట్లు చిత్రం ఖాతాలోకి వస్తాయి గాని, లేమి ఖాతాలోకి రావు.

లేమి చేసిన హాని ధ్వనిలో వినబడుతుంది. మాటలు తరువాత గదిలో కూర్చుని పట్టినవి. పెదవులు ఒక దారి, పలుకులు ఒక దారి. రొడెరీగోగా నటించినవాడు రాబర్ట్ కూట్, ఆ పాత్ర గొంతు మాత్రం వెల్స్‌ది. అంటే ఒథెల్లో కొన్ని చోట్ల తనను మోసగించే కూటమిలోనివాని నోటా తానే మాట్లాడుతున్నాడు!

మరొక లోపం లేమి వలన వచ్చినది కాదు. వెల్స్ తెల్లవాడు, ముఖానికి రంగు పూసుకొని ఒథెల్లో అయ్యాడు. ఆ కాలపు అలవాటది అని దాటవేయడం నాకు ఇష్టం లేదు. ఎందుకంటే వేరు దారి అప్పటికే ఉంది. నల్లజాతి నటుడు పాల్ రోబ్‌సన్ 1930లో లండనులో ఒథెల్లో వేశాడు. 1943లో న్యూయార్కు బ్రాడ్వేలో మొదలైన అతని ప్రదర్శన 296 ఆటలు ఆడింది. వెల్స్ కూడా 1936లో హార్లెంలో నల్లజాతి నటులతోనే "మాక్బెత్" ఆడించి పేరు పొందినవాడు. తెలిసినవాడు చేసిన పని గనుక అది ఇంకా గుచ్చుకొంటుంది. ఈ చిత్రాన్ని ఇష్టపడుతూనే ఈ మాట చెప్పడం నా ధర్మమనుకొంటాను.

ఇక పాఠాల చరిత్రకు వస్తాను. 1951 చివర ఇటలీ భాషలో ఒక రూపం రోములో ప్రదర్శించారు. 1952లో ఫ్రాన్సు దేశంలోని కాన్ చిత్రోత్సవానికి ఇంగ్లీషు రూపం వెళ్ళింది. ఏ దేశపు చిత్రంగా? మొరాకో చిత్రంగా! మొరాకోకు అప్పటికి స్వాతంత్ర్యం కూడా రాలేదు, 1956లో గాని రాలేదు. రెనాటో కాస్తెల్లానీ అనే ఇటలీ దర్శకుని చిత్రంతో కలిసి అది ఉత్సవపు అత్యున్నత బహుమతిని పంచుకొన్నది. ఇది మొదటి పాఠం.

అమెరికాలో విడుదలకు 1955 దాకా పట్టింది. దానికోసం వెల్స్ చిత్రాన్ని మళ్ళీ చేతికి తీసుకొన్నాడు. చిన్న చిన్న కోతలు పెట్టాడు, వ్యాఖ్యానం చేర్చాడు, సుజాన్ క్లూతియే గొంతు తీసివేసి గుడ్రన్ యూర్ అనే నటి చేత డెస్డిమోనా మాటలన్నీ చెప్పించాడు. 1951లో లండను రంగస్థలం మీద అతని సరసన డెస్డిమోనా వేసినది ఆమెయే. నన్ను ఉలికిపడేట్లు చేసిన గొంతు ఆమెదే. ఇది రెండవ పాఠం. రెండింటికీ కర్త ఒక్కడే. ఏది తుది పాఠమని అడిగితే నేను రెండూ అంటాను, 1622, 1623 ప్రతులవలె.

1978లో జర్మనీ టెలివిజను కోసం వెల్స్ "ఫిల్మింగ్ ఒథెల్లో" అనే చిత్రం తీశాడు. కూర్చుని మాట్లాడుతూ, ఈ నాటకం, ఈ పాట్లు, తన లోటుపాట్లు చెప్పుకొన్నాడు. అతడు పూర్తిచేసి విడుదల చేసిన చివరి చిత్రం అదే. 1985 అక్టోబరులో కన్నుమూశాడు.

ఆ తరువాత మూడవ పాఠం. చాలాకాలం మరుగున పడిన చిత్రాన్ని ఆయన కుమార్తె పర్యవేక్షణలో పునరుద్ధరించి 1992లో మళ్ళీ థియేటర్లకు తెచ్చారు. బొమ్మను శుభ్రపరిచారు, అందుకు కృతజ్ఞత చెప్పవలసిందే. ఒక తరం ప్రేక్షకులకు ఈ చిత్రం దక్కినది వారి శ్రమ వల్లనే. కాని ధ్వని దగ్గర వారు ఆగవలసిన చోట ఆగలేదు. సంగీతాన్ని పాత ధ్వని విని స్వరపరచుకొని, షికాగోలో కొత్త వాద్యబృందం చేత మళ్ళీ వాయించారు. అడుగుల చప్పుళ్ళు, అలల హోరు కొత్తగా చేర్చారు. మాటలను పెదవులకు సరిపడేట్లు ముందుకు వెనుకకు జరిపారు. వినడానికి హాయిగా ఉంది. అయితే అది 1952లో ఎవరూ విన్న ధ్వని కాదు, 1955లోనూ కాదు. చలనచిత్ర పండితులు ఆక్షేపించారు. అయినా తరువాత చాలా యేళ్ళపాటు లోకం చూసినది ఎక్కువగా ఈ దిద్దిన రూపమే. 2017లో క్రైటీరియన్ సంస్థ 1952, 1955 నాటి రూపాలు రెంటినీ ఒకే పెట్టెలో తెచ్చింది. మా అమ్మాయి తెచ్చినది ఆ పెట్టెయే.

ఇక్కడ నా కథ చెప్పక తప్పదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, మా ఊరి వీధినాటక మేళానికి పెద్ద అయిన ఒక ముసలాయన నా దగ్గరకు ఒక పాత బౌండు పుస్తకం తెచ్చాడు. అందులో వారు ఆడే సారంగధర ఆట ఉంది. తండ్రి చెప్పగా తాను వ్రాసుకొన్నదట. "పంతులుగారూ, మా మనవళ్ళు చదువుకొంటున్నారు. తప్పులు లేకుండా మంచి పుస్తకంలో ఎక్కించి పెట్టండి బాబూ" అని చేతులు జోడించాడు. అప్పటికి నాకు ఇరవైనాలుగేళ్ళు. పట్టా చేతిలో తడి ఆరలేదు. ఆ పుస్తకంలో నాకు ప్రతి పంక్తిలోనూ తప్పులే కనబడ్డాయి. యతి తప్పింది, సరిచేశాను. అరసున్నలు లేవు, పెట్టాను. "వొచ్చినాడు" అని ఉంటే "వచ్చెను" చేశాను. వాళ్ళ ఊరి పలుకును నేను చదివిన పుస్తకాల పలుకుగా మార్చాను. రెండు నెలలు రాత్రిళ్ళు కూర్చుని అందమైన దస్తూరితో కొత్త పుస్తకం పూర్తి చేశాను.

ఆ పాత పుస్తకం అంచుల మీద కొన్ని మాటలుండేవి. "రత్నాంగి వేషగాడు జ్వరం పడితే ఈ పాట తెర ఎనక నుంచి." "రెండో దీపం లేకపోతే రాజు ఈడనే కూకోవాల." "కత్తి ఇరిగినాది, కర్రతో." ఇట్టివి ఇంకా చాలా. ఇవి గ్రంథభాగం కావని వదిలివేశాను. కొత్త పుస్తకం ఇచ్చినప్పుడు ముసలాయన కళ్ళకద్దుకొన్నాడు. పాతది నా దగ్గరే ఉండిపోయింది. అటక మీద పెట్టాను. కొన్నేళ్ళకు దించి చూస్తే చెదలు మట్టి చేశాయి.

తరువాత ఎప్పుడో మా ఊరి జాతరలో ఆ మనవళ్ళు సారంగధర ఆడారు. నా పుస్తకం చూసి నేర్చుకొన్నారు. పలుకు స్పష్టంగా ఉంది, యతి ఎక్కడా తప్పలేదు. ముసలాయన ముందు వరుసలో కూర్చుని ఉన్నాడు. ఆట ముగిశాక నా దగ్గరకు వచ్చి, "శానా బాగుంది పంతులుగారూ. కాని మా నాయిన ఎక్కడా ఇనబడలేదు" అన్నాడు. నిందగా అనలేదు. ఉన్నమాట చెప్పాడు. అప్పుడు నాకు అర్థం కాలేదు. ఆ పెద్దాయన పోయి ఇరవై యేళ్ళు దాటింది.

ఒథెల్లో రెండు పాఠాలు చూసిన రాత్రి నాకు ఆ అంచుల మాటలు గుర్తుకు వచ్చాయి. కత్తి విరిగినప్పుడు కర్రతో ఆడిన రాజు, దుస్తులు రానప్పుడు తుండుగుడ్డలతో చచ్చిన రొడెరీగో. ఆ లోటు నాటకానికి బయట ఉన్నది కాదు, నాటకం దాని చుట్టూ పెరిగింది. చెట్టుకు తగిలించిన తీగను కొన్నేళ్ళకు బెరడు మింగుతుంది. ఇక ఆ తీగను లాగితే చెట్టు చీలుతుంది. వెల్స్ చిత్రంలో పెదవికి అందని పలుకు అటువంటి తీగ. దానిని సరిచేస్తే చెవికి హాయి. కాని మూడేళ్ళ ఎదురుచూపు, వేరువేరు దేశాలు, అప్పు తెచ్చిన గొంతులు, అవన్నీ ఆ హాయిలో మాయమవుతాయి.

దిద్దవద్దని నేననడం లేదు. దిద్దకపోతే చెదలు ఎటూ తింటాయి. బ్రౌను దొర పండితులను కూర్చోబెట్టి ప్రతులు పోల్చి శుద్ధప్రతులు వ్రాయించకపోతే మనకు దక్కని పుస్తకాలెన్నో. అయితే దిద్దిన దాని పక్కన దిద్దక మునుపటిది కూడా ఉంచాలి. కర్త తన జీవితకాలంలో మార్చుకొంటే అది అతని హక్కు. అతడు లేనప్పుడు మార్చేవాడు "ఇది నేను చేశాను" అని అంచున వ్రాసి, మూలాన్ని దాచి ఉంచాలి. ఆ కొత్త గొంతు వచ్చిన చోట నేను ఉలికిపడగలిగానంటే, రెండు పాఠాలూ ఒకే పెట్టెలో ఉండబట్టే కదా! నేను వ్రాసిన సారంగధర పుస్తకం దగ్గర ఎవరూ ఎన్నటికీ ఉలికిపడలేరు. పోల్చడానికి రెండవది లేదు.

పోయిన నెలలో ఆ మనవళ్ళలో పెద్దవాడిని వెతుక్కుంటూ వెళ్ళాను. అతనికీ తల నెరిసింది. నా దస్తూరి పుస్తకం ఇంకా భద్రంగా, పసుపు గుడ్డలో చుట్టి దాచుకొన్నాడు. ఇద్దరం అరుగు మీద కూర్చున్నాము. మీ తాత ఎట్లా అనేవాడో నీకు గుర్తున్నంత వరకు చెప్పు అన్నాను. అతడు మొదట బిడియపడ్డాడు, "అవన్నీ తప్పుడు మాటలు కదా సారూ, మీరే దిద్దినారు" అన్నాడు. కాసేపటికి కళ్ళు మూసుకొని పాడడం మొదలుపెట్టాడు. నేను పెన్సిలు తీసి, నా అందమైన అక్షరాల పక్కన, ఖాళీ అంచుల మీద, అతడు అన్నది అన్నట్లుగా వ్రాసుకొన్నాను. ఆ సాయంత్రానికి పదకొండు పంక్తులు దొరికాయి. ఈ ఆదివారం మళ్ళీ వెళ్ళాలి.